సుత్తి అలవెన్సు

"తాతా, మా కంపెనీలో యూనియన్ పెడతన్నారు. నన్నూ సేరమంటన్నారు. కార్లు అమ్ముడవట్లేదు, ఇలాటప్పుడు మీకు గొడవలేటని మేనేజర్లు అంటన్నారు. నువ్వు అప్పట్లో యూనియన్ మనిషివే కదా. సేరాలా, వద్దా?"

కూకో ముందు. ఆ పీట ఇలాగ లాక్కో. సెన్నై నుంచి వచ్చి రెండ్రోజులయ్యింది, ఇప్పటికి గుర్తొచ్చినాడు నీకు తాత! సెప్తాను గానీ మెల్లగా సెప్తాను, మీ నాయనమ్మ వంటింట్లో ఉన్నాది. ఇది దాని తమ్ముడి సంగతి.

నువ్వు కార్లకి వైర్లు కడతన్నావు కదా, నాను కార్లకి తలుపులు సేసినాను. కలకత్తా కాడ. మన గజపతినగరం సుట్టుపక్కల నుంచి శానామంది అటే ఎల్లీవోరు అప్పట్లో. మా నాయన జూటు మిల్లుకెల్లినాడు, ఆ ఎనక నాను. ఎకరంన్నర పొలం, అన్నదమ్ములం నలుగురం, ఏటి తింటాం సెప్పు? నాను ఎల్లినప్పుడు టీ పది పైసలు. కాదు కాదు, పది పైసలు మా నాయన నాటికి. నా నాటికి పావలా. ఆ మట్టి ముంతలో పాలెన్నో నీల్లెన్నో ఆ బెంగాలీవోడికే తెలవాల. ఏటి సెప్తన్నాను? ఆఁ, తలుపులు.

కజ్జికాయల అచ్చు సూసినావు కదా, అలగే. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, మద్దిలో ఇనప రేకు. పైది దిగి నొక్కిందంటే కారు తలుపు వచ్చీస్తాది. అచ్చు కొత్తదైతే తలుపు ముద్దుగా వస్తాది. మాది కంపెనీ పుట్టిన నాటిది. అరిగి అరిగి ప్రెతి తలుపుకీ అంచు వంకరే. అలగే కారుకి పెడితే పడదు, పడినా వానొస్తే నీల్లు లోపలికే.

మరేటి సేసీవోలం? సెక్క సుత్తి! తలుపుని మోకాలికి ఆనించుకొని ఇక్కడో దెబ్బ, అక్కడో దెబ్బ, అరిసెయ్యి పెట్టి నిమిరీసి సాపు సేసీవోలం. అందులో మొనగాడు సూరి. అరసవల్లిలో టింకరింగ్ షాపున్నాదే, మీ నాయనమ్మ తమ్ముడు, ఆడే. నానే ఊరి నుంచి తీసుకెల్లి ఉద్దోగంలో పెట్టించినాను. ఆడు కల్లు మూసుకొని సెయ్యి రాస్తే సాలు, ఎంటిక వాసి తేడా సెప్పీసీవోడు.

ఈ సుత్తి పనికి యూనియన్ కొట్లాడి జీతం మీద కొంత ఎక్కువ తెచ్చింది. సుత్తి అలవెన్సు అనీవోలం. మా సెక్షనుకి యూనియన్ మనిషిని నానే. గేటు ముందు అరిసి అరిసి గొంతు పోయేది, మీ నాయనమ్మ మిరియాల పాలు ఇచ్చీది. యూనియన్ని ఎవడైనా తిడితే నాకు ఇప్పటికీ ఒల్లు మండిపోతాది, సెప్పీస్తన్నాను. యూనియన్ లేని నాడు ఆ అచ్చు నొక్కే ప్రెస్సులో ఏలు తెగితే గుడ్డ కట్టి ఇంటికి పంపీసీవోరు. యూనియన్ వచ్చినాకే ఆసుపత్రి, సెలవు, అన్నీని.

అయితే ఒక ఏడాది ఏటయ్యిందంటే, బజార్లోకి కొత్త రకం కార్లు వచ్చీసినాయి. జనానికి మంచి తలుపంటే ఏటో తెలిసొచ్చింది. మా తలుపులు లారీలకి లారీలు ఎనక్కొచ్చీవి. పైనోల్లు ఏటన్నారు? సుత్తి పనోల్ల బద్దకం, అందుకే ఇలగ అన్నారు. ముగ్గుర్ని తీసీస్తన్నామని బోర్డు మీద కాయితం అంటించీసినారు. మొదటి పేరు సూరిది.

ఆ రోజు మీ నాయనమ్మ నాకు అన్నం ఎట్టలేదు. "నా తమ్ముడిని తెచ్చిందీ నువ్వే, నిలబెట్టేదీ నువ్వే. లేపోతే ఆడితోటే నన్నూ బండెక్కించీ" అన్నాది. అన్నంత పనీ సేసీ మనిషి అది, నీకు తెలీదేటి?

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. గోడకి పని చీటీ ఏలాడతా ఉండీది. అచ్చులోంచి తలుపు తియ్యాల, కన్నాలు కొట్టాల, స్టాండులో పెట్టాల. అంతే. సుత్తి మాటే లేదు. ఎందుకు లేదంటావు? రాస్తే అచ్చు పాడైనట్టు ఆల్లే ఒప్పుకున్నట్టు కదా! "ఒరే, రేపు ఎవడూ సుత్తి ముట్టకండి. చీటీలో ఏటి రాసుంటే అదే సెయ్యండి" అన్నాను.

మర్నాడు మజ్జాన్నానికి స్టాండుల నిండా వంకర తలుపులే! పెద్ద మేనేజరు లగెత్తుకొచ్చినాడు. బెంగాలీ ఆయన, ఇంజినీరు, మంచోడే పాపం. "ఏటిది?" అన్నాడు. "మీ అచ్చు సేసిన తలుపులండి. మా సెయ్యి పడనివి" అన్నాను. ఆయన ఒక్కో తలుపూ ఎత్తి సూసినాడు. సాయంత్రం ఆ బోర్డు మీద కాయితం తన సేత్తోనే సింపీసినాడు. మా వోల్లు నన్ను బుజాలకెత్తుకున్నారు.

ఆయన ఎల్లిపోతా ఎల్లిపోతా నా కాడ ఆగినాడు. "ఈ సంగతి పదేల్లకితం ఎందుకు సూపించలేదు?" అన్నాడు. ఆయనకి సెప్పనిది నీకు సెప్తన్నానమ్మా. అచ్చు మారితే సుత్తి అలవెన్సు పోతాది, అందుకే సూపించలేదు. మరి ఆల్లకి కల్లు లేవా అంటావు. ఉన్నాయి, ఎందుకుండవు? లాభాలొచ్చిన నాడు అచ్చు కొనలేదు, నష్టాలొచ్చిన నాడు డబ్బుల్లేవన్నారు. తప్పు పెద్దది ఆల్లదే. మాది సిన్నదే గానీ, మాదీ ఉన్నాది.

కొత్త అచ్చు గావాలని ఆయన ఓనర్లకి రాసినాడు. ఏటి జవాబొచ్చిందో తెలుసా? అచ్చు ఇప్పుడు కాదు, సుత్తి అలవెన్సు డబల్ సేస్తాం అని! యూనియన్ మీటింగు పెట్టినారు. నాయకుడు గెలిసినాం అన్నాడు, ఒప్పుకున్నోల్లు సేతులెత్తండన్నాడు. మొదటి సెయ్యి నాదే. హాలంతా సేతులే.

సూరి ఎత్తలేదు. లేసి నిలబడ్డాడు. "బావా, నాకు డబల్ వద్దు. అచ్చు మార్పించమను. సూపించినాం కదా, ఇప్పుడడిగితే ఇస్తారు. మల్లీ సుత్తి పట్టినామంటే ఇంకెప్పుడూ ఇవ్వరు" అన్నాడు. అందరూ నవ్వీసినారు. నానేటన్నానో తెలుసా? "ఒరే, నీ ఉద్దోగం నిలబెట్టిందే నాను. నోర్మూసుకొని కూకో" అన్నాను. అంతమందిలోన. ఆడు కూకున్నాడు.

మూడేల్లు తిరక్కుండా కార్ల కంపెనీవోల్లు మా తలుపులు తీసుకోడం మానీసినారు. ఒక పొద్దున్న ఎల్లేసరికి గేటుకి తాళం, కాయితం. పని తాత్కాలికంగా ఆపినాం అని. అది ఇప్పటికీ తాత్కాలికమే! ఓనర్లు మిసన్లు అమ్మీసుకొని ఇంకో యాపారంలోకి ఎల్లిపోనారు. ఎల్లడానికి ఆల్లకి సోటున్నాది, మాకేదీ?

మీ నాయనమ్మని ముందే ఊరికి పంపీసినాను. సూరీ నానూ ఒకే బండిలో వచ్చీసినాం. నా పక్క సీటే ఆడిది. 'ఆ రోజే సెప్పినాను కదా బావా' అంటాడేమోనని నాను నిద్దరోయినట్టు నటించినాను. బండి బరంపురం దాటినాక ఆడు పల్లీలు కొన్నాడు. నన్ను తట్టి లేపి సగం నా సేతిలో పోసినాడు. ఆమదాలవలసలో ఆడు దిగే దాకా ఆ మాట అన్లేదు. ఇన్నేల్లయ్యింది, ఇప్పటికీ అన్లేదు. ఒక్కసారి తిట్టినా నా గుండె తేలికయ్యేది.

సేరు తల్లీ, యూనియన్లో సేరు. సేరొద్దని నాను సెప్పలేను. నష్టం నష్టమని ఆల్లంటే, లాభం వచ్చిన నాడు ఏటి కొన్నారో అడగండి. మీ పనిలో మీరు దాస్తన్నది ఏటైనా ఉంటే అదీ మీలో మీరు మాటాడుకోండి. సేతులెత్తమన్నప్పుడు ఎత్తనోల్లు ఎవరో సూడు. ఆల్ల మాట ఇన్నాకే నీ సెయ్యెత్తు. సల్లగుండు, నీ ఉద్దోగం పచ్చగుండాల.

ఆదివారం అరసవల్లి ఎల్తానన్నావు కదా? దర్శనమయ్యినాక సూరి షాపు కాడ ఆగు. 'సూరి తాతా, ఆ రోజు మీటింగులో నువ్వు సెప్పిందే నిజిమని మా తాత అన్నాడు' అని సెప్పు. నాకు ఆడి ముందు నోరు రాదు...

వద్దులే. నానే వస్తాను. నువ్వు నా పక్కన నిలబడు, సాలు.