పక్క మిషను

కుట్టు కంపెనీ నుంచి చెల్లెలు వచ్చేసరికి అక్క గుమ్మంలోనే కాచుక్కూర్చుంది. నిరుడు పింఛను పుచ్చుకుని పని మానేసిందేగానీ, ఆవిడ ప్రాణమంతా ఇంకా ఆ మిషన్ల దగ్గరే ఉంది.

“ఇంకా ఎన్నాళ్ళే ఈ చాకిరీ? నువ్వూ పింఛనుకి అర్జీ పెట్టెయ్యి.”

“ఇప్పుడే పుచ్చుకుంటే నీలాగే తక్కువొస్తుందక్కా. రెండేళ్ళు ఆగితే నీకంటే ఎక్కువొస్తుంది.”

“ఓహో, నాతో పోటీయా! సూదిలో దారం ఎక్కించుకోలేవు, నీకు పోటీ ఒకటి. ఇన్నాళ్ళూ నేనేగా ఎక్కించింది?”

“ఇప్పుడు నీ మిషను మీదకొచ్చిన కొత్తావిడ ఎక్కిస్తోందిలే. మహాతల్లి, అడక్కముందే ఎక్కించి పెడుతుంది.”

అక్క మొహం మాడిపోయింది.

“దాన్ని ఏమని పిలుస్తావేమిటి?”

“అక్కా అనే. ఇంకేమంటాను?”

“రెండేళ్ళూ వద్దు, గిండేళ్ళూ వద్దు. రేపే అర్జీ పెట్టు. ఆ తగ్గేదేదో నా పింఛనులోంచి నేనిస్తాను.”