చిన్నరాజు మేస్త్రీ పేరు పక్కన రాసిన మాట

నా పేరు తంగమ్మ. వయసు నలభై దాకా ఉంటుంది. ఇసుక, కంకర మోసే పని. కాపురం వేలూరు బాగాయంలో, పుట్టిల్లు గుడియాత్తం. నా భర్త చిన్నరాజు, శ్లాబు కింద కర్రలు కట్టే సెంట్రింగు మేస్త్రీ. విచారణకు వచ్చిన ఆర్డీవో గారు అడిగితే చెబుతున్నాను.

1995 జూన్‌లో ఒక సోమవారం, మా అమ్మకు జ్వరమని గుడియాత్తం వెళ్లాను. మధ్యాహ్నం పోలీసు జీపు వచ్చింది. "మీ ఇంటాయన్ని యాడ దాచిపెట్టినావు?" అన్నారు. బాగాయంలో మేము కడుతున్న తోలు గోడౌను శ్లాబు కూలిందని అప్పుడే తెలిసింది. అటకలూ, గాదెలూ వెతికారు. ధాన్యం గాదెలో మనిషి దాక్కుంటాడా?

సాయంత్రం బస్సుకు బాగాయం వచ్చాను. శ్లాబు కింది కర్రలు తీసేరోజు మేస్త్రీ చెప్పులు బయట విడిచి, కర్పూరం వెలిగించి, ఒక్కడే లోపలికి వెళ్లి మొదటి కర్ర తీయాలి. అది మా పనివాళ్ల కట్టుబాటు. కర్పూరం మసి పక్కనే ఆయన చెప్పులున్నాయి. వాటిని అక్కడున్న పోలీసులకు చూపించాను.

"లోపలే ఉండాడు, తవ్వండి నాయనా" అన్నాను.

కాంట్రాక్టరు రంగరాజులు పోలీసుల ముందే, "వెనక పక్క నుంచి పరిగెత్తినాడు, నేనే చూసినాను" అన్నాడు. శ్లాబు ఇంకా పచ్చిగా ఉంది, కర్రలు తీయవద్దని నా భర్త ముందురోజే అతనికి చెప్పాడు. అయినా తీయాల్సిందేనన్నాడు అతను. రెండు మాటలూ నేను విన్నాను.

స్టేషన్లో నా భర్త పేరు పక్కన అబ్‌స్కాండింగ్ అని రాశారు. మా అమ్మాయి సుగన్య పదో తరగతి. "తప్పు చేసి దాక్కున్నోళ్లకి ఆ మాట వాడతారమ్మా. నాయనకి మిస్సింగ్ అని రాయాల" అంది. మిస్సింగ్ అంటే నాకూ తెలుసు. తప్పిపోయినవాళ్ల ఫోటోలు టీవీలో వేస్తారు కదా. అదే రాయమని అడిగాను.

"ఏదైతే ఏమ్మా, మనిషి లేడు గదా" అన్నాడు కానిస్టేబులు.

"మిస్సింగైతే ఆస్పత్రిలో, రాళ్ల కింద వెతుకుతారు సార్. ఈ మాటకి మా అమ్మ గాదెలో వెతికినారు" అన్నాను. నాకు ఒళ్లు మండింది. కానిస్టేబులు ఫ్యాను వేసుకున్నాడు.

బుధవారం గోడౌను వాళ్లు శిథిలాలు తీయించారు. నా భర్త దొరికాడు. మొదటి కర్ర పక్కనే. గోళ్లలో సిమెంటు ఉంది, వేళ్లు అరిగిపోయి ఉన్నాయి. సోమవారం రాత్రంతా ప్రాణం ఉండి ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. ఆ రాత్రి మా వీధి చివర జీపు కాపలా ఉంది, ఆయన ఇంటికొస్తే పట్టుకోవడానికి.

నేను చెప్పింది అరవంలో రాసుకుని, తెలుగులో చదివి వినిపించారు. ఈ కాగితం పైన నా పేరు దగ్గర "అబ్‌స్కాండింగ్ చిన్నరాజు భార్య" అని ఉంది. అది కొట్టేస్తే తప్ప వేలిముద్ర వేయనన్నాను. ఆర్డీవో గారు కొట్టేశారు. కొట్టివేతకు సాక్ష్యంగా అక్కడొక ముద్ర కావాలన్నారు. మొదటిది అక్కడే వేశాను. ఇది రెండోది. ఇందులో నాకు తెలిసిన నిజమే ఉంది, ఎవరూ నేర్పింది కాదు.

(తంగమ్మ ఎడమ బొటనవేలి ముద్ర)