మిగిలిన నత్త

మంగళవారం పొద్దున పదకొండింటికి, కడపలో చేపల తొట్లమ్మే దుకాణానికి ఆమె డబ్బాలో సముద్రపు నత్తను తెచ్చింది. మూడు నెలల కిందట చనిపోయిన భర్త పెంచిన ఐదింట్లో మిగిలింది అదొక్కటే.

"కదల్లేదన్నా."

"తొట్లో నీళ్లు తగ్గితే ఏం పోస్తాండావమ్మా?"

"ఉప్పునీళ్లే. సముద్రానిది గదా."

"ఎండకు ఆరేది నీళ్లే, ఉప్పు ఆడనే ఉంటాది. తగ్గినంత మంచినీళ్లే పోయల్ల. ఆయప్ప చెప్పలేదా?"

"నన్ను తొట్టి ముట్టనిస్తే గదా! ఈ నత్తలు అద్దం మీద పాచి తింటాంటే, 'చూడు, నీకంటే బాగా తుడుస్తాండాయి' అనేవాడు."

"ఈడ కూడా నిన్ను శానా ఆడిపోసుకునేవాడులే."

"ఏమనేవాడన్నా? చెప్పు."

చెబుతూనే దుకాణదారు సన్నగొట్టంతో, ఉప్పు సరిగ్గా ఉన్న తన తొట్టినీళ్లు డబ్బాలోకి చుక్కచుక్కగా వదిలాడు.

ఒంటిగంటకు నత్త డబ్బా గోడమీద వేలెడు పైకి పాకింది.