నల్లజెండా వాలు

కాజీపేట స్టేషన్‌లో ఢిల్లీ బండి కోసం కూర్చున్న తల్లి, సెలవు ముగిసి కాశ్మీరుకు తిరిగి పోతున్న సిపాయి కొడుకు చేతిని వదలలేదు.

“కాళ్లకు చెక్కలు కట్టుకొని మంచు మీద జారుడేంది కొడుకా? కాలిరిగితే ఎట్ల?”

“అందరినీ ఒక్కతీరు జారనియ్యరవ్వా. కొత్తోళ్లకు ఆకుపచ్చ జెండా వాలు, చిన్నపిల్లలు సుత జారుతరు. జర నేర్చినంక ఎర్రజెండా. గట్టోళ్లకే నల్లజెండా.”

“నువ్వు ఆకుపచ్చ కాడనే ఉండు.”

“ఎర్రది సుత దాటిన. పోంగనే నల్లదాని మీద పరీక్ష.”

“అండ్ల పాసైతే?”

“సరిహద్దు మీది మంచుకొండకు తోలుతరు.”

“నాకెరుకే, నీ దోస్తుతోని ఫోన్ల చెప్పంగ విన్న. అందుకే సమ్మక్కకు మొక్కిన. పరీక్షల నా కొడుకును పడగొట్టు తల్లీ, ఆని ఎత్తు బెల్లం ఇస్తనని.”

“ఎంత పని చేసినవే అవ్వా! నల్లదాని పక్కపొంటి లోయ ఉన్నది. అక్కడ పడితే పీనుగు సుత దొరకది.”



“పడితే మోకాలు కొట్టుకపోతది, ఇంటికి తోలుతరనుకున్న కొడుకా.”

“మొక్కు వాపసు తీసుకో మరి.”

“దేవతతోని వాపసు ఉంటదా? దాని మీద ఇంకోటి మొక్కుడే.”

బండి కూత వినిపించింది. ఆమె మేడారం దిక్కు తిరిగి దండం పెట్టింది.

“తల్లీ, ఆని ఎత్తు బెల్లం నీకే. నా ఎత్తు సుత ఇస్త. పడగొట్టకు. పాసే చెయ్యి.”

“పాసైతే కొండ మీదికేనవ్వా.”

“ఆ కొండకు మళ్లొకటి మొక్కుత. ముందుగాల నువ్వు లోయ దాటు.”