గిరజాల కోసం ఆపిన అప్‌డేట్

ఇది ఇంతవరకూ నోరు విప్పి ఎవరికీ చెప్పలేదు వదినా. పోయిన వారం ఆ గేమ్ అప్‌డేట్ ఎక్కకపోవడం కాదు, నేనే ఎక్కనివ్వలేదు.

అదిగో, అలా కళ్ళు పెద్దవి చేస్తే చెప్పను మరి! ముందు ఆ ఇస్త్రీపెట్టె కింద పెట్టు. అన్నయ్య చొక్కా మాడితే అదీ నా ఖాతాలోకే వస్తుంది.

నీ ముందే కదా, గేమ్ ఆడే కన్సోల్‌లోంచి మెమరీ కార్డు తీసి, కంప్యూటర్‌లో పెట్టి, ఫైలు కాపీ చేసి "ఎక్కింది చూడు" అన్నాను? ఎక్కిన మాట నిజమే. కానీ అది వేరే దేశంలో అమ్మే గేమ్ తాలూకు అప్‌డేట్. పేరు ఒకటే, లోపలి నంబరు వేరు. మన గేమ్ దాని మొహం కూడా చూడదు. నేనేమో "అయ్యో, ఏమైందో ఏమిటో" అని తల గోక్కున్నాను. నువ్వు పాపం మంచినీళ్ళు కూడా తెచ్చిచ్చావు!

నవ్వావా? హమ్మయ్య.

ఎందుకంటే... గిరజాల గుర్తుందిగా, ఆ ఉంగరాల జుట్టు పిల్ల? దర్జీ కొట్టులో కాజాలు కుట్టేది, ఆదివారం వస్తే చాలు నా మంచం మీదే మకాం. దాని కన్సోల్‌కీ కంపెనీవాడు వేసిన లాకు తీసింది నేనే. పక్కపక్కన కూర్చుని కలిసి ఆడేవాళ్ళం. ఇద్దరి గేమూ ఒకే వెర్షన్ అయితేనే ఒకదానికొకటి కనిపిస్తాయి. నాది కొత్తదై దానిది పాతదైతే ఇక అంతే సంగతులు. నేర్పుతానంటే "నువ్వున్నావుగా" అనేది, దొంగమొహంది.

కొట్టు మారాక రావడం మానేసింది. పోట్లాటా? అదైనా బాగుండేది, తిట్టుకుని కలిసిపోయేవాళ్ళం. ఫోన్ అది చేస్తుందిలే అని నేను, నేనే చేస్తానని అది, అలా ఉండిపోయాం. ఏ ఆదివారమో తలుపు తోసుకుని వస్తే వెంటనే ఆడుకోవచ్చని, గేమ్‌ని పాత వెర్షన్‌లోనే ఉంచేశాను. వెర్రిదాన్ని కదూ?

నువ్వేమో అదే గేమ్ ఆడుతూ, అందులో వంతెన దగ్గరికి రాగానే బిగుసుకుపోతోందని రోజూ గోల. మొన్న గేమ్‌లో నువ్వు వేసిన పంటంతా పోయి ఏడ్చావు కూడా. ఉల్లిపాయలని బుకాయించకు!

అందుకే ఇందాక నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు సరైనది ఎక్కించేశాను. కంగారుపడకు, నీ ఆట ముందే వేరేచోట దాచిపెట్టాను. ఆడి చూశాను, ఎక్కడా బిగుసుకోకుండా వంతెన టకటకా దాటేసింది. కాకపోతే కంపెనీవాడు సిస్టమ్ అప్‌డేట్ అని అడిగితే మాత్రం చచ్చినా నొక్కకు, నా కష్టమంతా పోతుంది.

కానీ ఇప్పుడు గిరజాల వచ్చినా ఆడలేం వదినా.

ఆఁ? దానికీ ఎక్కించొచ్చుగా అంటావా? ఓ, చిటికెలో పని! కార్డు నా చేతికొస్తే చాలు. అప్‌డేట్ ఉంది, కన్సోల్ పట్టుకురావే అంటాను. పని మీద పిలిచినట్టుంటుంది, మొహమాటమూ ఉండదు...

అలా చూడకు. సరే. పనీ లేదు, పాడూ లేదు, చూడాలనుంది. అదే అంటాను.

నీ ఫోన్ వద్దులే, కొత్త నంబరైతే ఎత్తదు. నాదే ఇటివ్వు. నాదని చూసి ఎత్తకపోతేనా? ఎత్తేదాకా చేస్తాను.