ఆఖరి పది పేజీలు

శుక్రవారం సెలవు. మస్కట్ నుంచి అతను, కోరుట్లలో కథలు రాసే భార్యకు ఫోన్ చేశాడు.

“ఏం రాస్తున్నవే?”

“ఏం రాస్తలేను. లైబ్రరీలకెల్లి నవల తెచ్చుకున్న. పెన్సిల్ పక్కకు పెట్టి ఉత్తగనే చదువుతున్న.”

“ఎట్లున్నది?”

“మంచిగున్నది. అండ్ల గూడ ఒకడు నీ లెక్కనే దేశం పోయిండు. ఆఖరి పది పేజీలే మిగిలినయ్. చదువబుద్ధయితలేదు.”

“వాడు ఇంటికొస్తడో రాడో తెల్వద్దా?”

“రాసేదాన్ని గదా, నాకు ఎరుకే. నేను రాస్తే వాణ్ణి రానియ్య.”

“నీ కథలల్ల ఒక్కడన్నా రాలే.”

“అందుకే ఆ పది పేజీలు ఆపిన. చదువుతుంటే మాత్రం వాడు రావాల్ననే ఉన్నది. సరేగని, నీ లీవు సంగతి ఈ వారం చెప్తమన్నరు గదా?”



“గా పది పేజీలు ఇప్పుడే చదువకు.”