కొడైకెనాల్‌లో ఏడాదికో వారం

వాషర్‌మెన్‌పేట్‌లోని తమ చీరల కొట్టుకు తిరిగొచ్చి ఏకాంబరం పంకా కింద కూలబడ్డాడు. భార్య రాజలక్ష్మి గల్లాపెట్టె దగ్గర్నించి గబగబా లేచొచ్చింది.

"కొడైకెనాల్ రిసార్టులో ఏడాదికో వారం ఉండే హక్కు, సగం ధరకే ఎవరో అమ్ముతాండారని పోతిరి కదా. సంతకం పెట్టేసినారా?"

"మనం పోయినా పోకపోయినా ఏటేటా మెయింటెనెన్స్ కట్టాలంట. అది పెరగతానే ఉంటాదంట. నా తర్వాత పిల్లోళ్లూ కట్టాలంట."

"అయ్యయ్యో! ముందు సంతకం సంగతి చెప్పండి!"

"రాహుకాలం పోయినాక పెడతానంటిని. అందాకా ఊరికే కూర్చోలేక, ఇంత మంచి బేరం నువ్వెందుకు వదులుకుంటాండావని ఆయప్పను అడిగినా. అప్పుడు కక్కినాడు ఇదంతా."

"మరి?"

"రాహుకాలం పోకముందే లేచి వచ్చేసినా. మెట్ల దాకా వెంటబడి, ఊరికే ఇస్తా తీసుకోమన్నాడు."

రాజలక్ష్మి పకపకా నవ్వేసింది.

"ఊరికేనా? అయితే ఆయప్ప ఫోన్ చేస్తే ఎత్తనే ఎత్తొద్దండి!"